ఎజాజ్ భాయ్ పిలిచిన పేర్లు

కాలేజీ రోజుల్లో ఎక్కడెక్కడ తిన్నావని అడిగితే పూర్ణిమ ఊపిరి తీసుకోకుండా చెప్పేస్తుంది. శంషాబాద్ బస్టాండు ఎదుటి ఇరానీ హోటల్, దాని పగిలిన పాలరాతి బల్లలు, చాయ్‌లో ముంచితే సగం విరిగి లోపలే ఉండిపోయే ఉస్మానియా బిస్కెట్లు. తొండుపల్లి దారిలో సాయంత్రం నాలుగయితే గాని పొయ్యి వెలిగించని మిర్చిబజ్జీల బండి. వాన పడితే తన గొడుగు మన చేతికిచ్చి, తడుస్తూనే దోసె పోసిచ్చే అక్క. అన్నిటికంటే ముందు రావాల్సిన పేరు మాత్రం చివరికి వస్తుంది, అదీ ఎదుటివాళ్ళు గుచ్చి గుచ్చి అడిగితేనే.

జెద్దా బర్గర్.

ఆమె చదివిన ఇంజనీరింగ్ కాలేజీ గేటుకు ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్కన ఉండేదది. రేకుల కప్పు, నాలుగు బల్లలు, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. బోర్డు రాసిన పెయింటర్ ఎన్నడూ బర్గర్ చూసినవాడు కాదేమో, రెండు ఇడ్లీల మధ్య వడ పెట్టినట్టు గీశాడు. దుకాణం వెనక ముళ్ళకంప, కంప వెనక ఖాళీ జాగా, దాని వెనక ఎయిర్‌పోర్టు ప్రహరీ. విమానం లేచినప్పుడల్లా రేకులు జలజలమనేవి. అంతసేపూ అందరూ మాట ఆపి, నోట్లో ముద్ద పెట్టుకుని ఆగి, శబ్దం పోయాక ఆగినచోటి నుంచే మాట అందుకునేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళకు నవ్వొచ్చేది. వారం తిరిగేసరికి వాళ్ళూ అదే చేసేవాళ్ళు.

యజమాని ఎజాజ్ శంషాబాద్ వాడే. జెద్దాలో ఒక బర్గర్ల హోటల్ వంటింట్లో తొమ్మిదేళ్ళు పనిచేసి, ఇక్కడ విమానాశ్రయం మొదలైన 2008లోనే తిరిగొచ్చాడు. చిన్నప్పుడు ఏ గుట్టల మీద గాలిపటాలు ఎగరేశాడో ఆ గుట్టల మీదే విమానం దిగానని, అది తలచుకుని బెల్టు విప్పుకోవడం కూడా మర్చిపోయానని చెప్పేవాడు. చికెన్‌లో పచ్చిమిర్చి, కొత్తిమీర నూరి కలిపి, బన్నును వెన్నలో ఎర్రగా కాల్చి, పుదీనా చట్నీ రాసి ఇచ్చేవాడు. ఆలూ బర్గర్‌కు పెనం వేరే, గరిటె వేరే. అడగకపోయినా ఆ సంగతి చెప్పేవాడు. చట్నీ ఆయన భార్య రహీమా పొద్దున్నే ఇంట్లో నూరి పంపేది.

పూర్ణిమ 2009లో మొదటిసారి అక్కడికి వెళ్ళింది. మంఖాల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్ల, రైతు బిడ్డ. బర్గర్‌ను ఏ పక్క నుంచి కొరకాలో తెలియక చేతిలో పట్టుకుని తిప్పుతుంటే పక్కన కూర్చున్న తహ్రీమ్, "నోరు పెద్దగ తెరువు, సిగ్గుపడకు. ఇది సిగ్గుపడి తినేది కాదు" అంది. వాళ్ళ స్నేహం అక్కడే మొదలైంది.

ఆ దుకాణానికి ఒక పద్ధతి ఉండేది. టోకెన్లు లేవు. ఎజాజ్ భాయ్ పేరు అడిగి, చీటీ మీద ఉర్దూలో రాసుకుని, బర్గర్ తయారవగానే పేరుపెట్టి గట్టిగా పిలిచేవాడు. "పూర్ణిమా! ఏక్ చికెన్, బగైర్ ప్యాజ్!" ఉల్లిపాయ వెయ్యని చికెన్ అని చాటే ఆ పిలుపు కాలేజీ గేటు దాకా వినిపించేది. ప్రిన్సిపల్ గదిలో ఉన్నా ఎవరు తింటున్నారో తెలుస్తుందని పిల్లలు నవ్వుకునేవాళ్ళు.

"నంబర్లు పెట్టుకోవచ్చు కద భాయ్, గొంతు పోతది" అని పూర్ణిమ ఒకసారి అంది.

ఆయన గరిటె ఆపాడు. "అక్కడ తొమ్మిదేండ్లు నేను పద్నాలుగు నంబర్ బేటీ. చొక్కా మీద పద్నాలుగు, మంచం మీద పద్నాలుగు. ఇంటికి ఫోన్ చేస్తే రహీమా నా పేరు పిలిచేది. అది వినడానికే చేసేటోణ్ణి. నా దుకాణంల ఎవ్వరికీ నంబర్ ఉండదు."

రెండేళ్ళు అలాగే గడిచాయి. పూర్ణిమ మూడో సంవత్సరంలోకి వచ్చింది.

2011 జూలైలో ఒక గురువారం. సన్నగా తుంపర పడుతోంది. మూడుంబావు అయ్యుంటుంది. బల్లలన్నీ నిండి ఉన్నాయి. పెద్ద విమానం ఒకటి లేచింది. రేకులు జలజలమన్నాయి. మాటలు ఆగాయి. శబ్దం సన్నగిల్లి, ఎవరూ ఇంకా నోరు తెరవకముందు, ఎజాజ్ భాయ్ చీటీ చూసి పిలిచాడు.

"ఓ కొండమ్మా! ఇంట్ల ఉన్నవా? బయటికి రా!"

ఒక్క క్షణం అందరూ బిత్తరపోయి, తర్వాత గొల్లున నవ్వారు. ఇంజనీరింగ్ కాలేజీలో కొండమ్మ ఎవరు? కిరణ్ అనే సీనియర్ లేచి, "నాదే ముందు రావాలె భాయ్" అన్నాడు. ఎజాజ్ భాయ్ ప్లేటు అతని చేతికిస్తూ, "అరే, నిన్నే కద పిలిచిన" అన్నాడు. తహ్రీమ్ చీటీ అందుకుని చదివింది. ఉర్దూలో కిరణ్ అనే ఉంది.

అందరూ దాన్ని వేళాకోళం కింద కొట్టిపారేశారు. కానీ పూర్ణిమకు ఎక్కడో గుచ్చుకుంది. ఎజాజ్ భాయ్ తెలుగు అలా ఉండదు. ఆయన తెలుగులో సగం ఉర్దూ. ఆ పిలుపు మాత్రం వాడకట్టులో కర్ర తాటిస్తూ నడిచే ముసలాయన పిలుపులా ఉంది.

తర్వాతి గురువారం మళ్ళీ అదే వేళకు, విమానం వెళ్ళిన వెనువెంటనే, "ఓ ఐలయ్యా! ఇంట్ల ఉన్నవా? బయటికి రా!"

ఈసారి నవ్వు సగంలో ఆగిపోయింది. తహ్రీమ్ అనుమానంతో ముందే ఫోన్‌లో రికార్డింగ్ పెట్టింది. జనం తగ్గాక ఎజాజ్ భాయ్‌ను పిలిచి వినిపించింది. విమానం మోత, రేకుల చప్పుడు, తర్వాత ఆ గొంతు. ఆయన మూడుసార్లు విన్నాడు. తర్వాత గల్లా పక్కన స్టూలు మీద మెల్లగా కూర్చుని తన గొంతు మీద చెయ్యేసుకున్నాడు.

"ఇది నేను కాదు. నేను స్వప్న అని పిలిచిన. ఖుదా కసమ్, స్వప్న అనే అన్న."

మరుసటి రోజు రహీమా ఆయన్ను దర్గాకు తీసుకెళ్ళి చేతికి తాయత్తు కట్టించింది. అయినా మూడో గురువారం రానే వచ్చింది. "ఓ లింగమ్మా!"

ఆ సాయంత్రం మంఖాల్‌లో పూర్ణిమ ఇంట్లో అందరూ అన్నం తింటున్నారు. ఆమె తల్లి కౌసల్యమ్మ వడ్డిస్తోంది. ఆమె తండ్రి మొగులయ్య, అంటే పూర్ణిమ తాత, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయనది గుండ్లవాడ. పదిహేను గడపలు కూడా లేని చిన్న వాడ. విమానాశ్రయానికి భూములు తీసుకున్నప్పుడు అది మొత్తం లేచిపోయింది. అందరూ తలో దిక్కు వెళ్ళారు. మొగులయ్య కూతురి ఇంటికి వచ్చాడు. పూర్ణిమ మాటల మధ్య ఆ పేర్ల సంగతి నవ్వుతూనే చెప్పింది.

తాత చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "ఎవలెవలి పేర్లు? వరుసగ చెప్పు బిడ్డా."

"కొండమ్మ, ఐలయ్య, లింగమ్మ."

ఆయన ముద్ద కంచంలో పెట్టేశాడు. చెంబులో వేలు ముంచి గచ్చు మీద ఒక గీత గీశాడు. గీత పక్కన చుక్క పెట్టి, "ఇది కొండమ్మ ఇల్లు" అన్నాడు. ఇంకో చుక్క. "ఇది ఐలయ్యది. ఇది లింగమ్మది." నాలుగో చుక్క దగ్గర వేలు ఆగింది. "దీని పక్కన మల్లేశ్వర్."

"తర్వాత?" అంది పూర్ణిమ.

ఆయన నీటి చుక్కలు ఆరిపోయేదాకా వాటినే చూస్తూ కూర్చున్నాడు.

కొండమ్మ చనిపోయి నాలుగేళ్ళయింది. ఐలయ్య ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. లింగమ్మ మాత్రం బాలాపూర్‌లో కూతురి దగ్గర ఉంటోంది. ఆదివారం పొద్దున తాత, "లింగమ్మను చూసొద్దాం రా" అన్నాడు. ఇద్దరూ బయల్దేరారు.

లింగమ్మ వాకిట్లో పీట వేసుకుని, చేటలో తోటకూర పోసుకుని, పురుగుపట్టిన ఆకులు ఏరి పడేస్తోంది. తాత గేటు దగ్గరే నిలబడి, "లింగమ్మా!" అన్నాడు. ఆమె తల ఎత్తలేదు. దగ్గరికెళ్ళి మళ్ళీ పిలిచాడు. ఆకులు ఏరుతూనే ఉంది.

లోపలి నుంచి కూతురు వచ్చింది. "రా మామా. పిలిస్తే పలుకది. మొన్న గురువారం ఎవలో పిలిచినట్టు 'ఆ' అన్నది, గప్పటికెల్లి గిట్లనే అయింది. చెవులు పోయినయేమో అని దవాఖానకు తీస్కపోయిన. చెవులు మంచిగున్నయన్నరు." ఆమె తల్లి వైపు తిరిగి మామూలు గొంతుతో, "చాయ్ తాగుతవా?" అంది.

లింగమ్మ వెంటనే తలెత్తింది. "పెట్టు. చక్కెర జర ఎక్కువెయ్." అప్పుడు తాతను చూసి నవ్వింది. "మొగులన్నా! ఎప్పుడొచ్చినవు?"

అన్నీ గుర్తున్నాయి. గుండ్లవాడ, తన గేదె, గేదెకు తెల్లమచ్చ ఎక్కడుండేదో కూడా. తాత ఆమె కళ్ళలోకి చూస్తూ అడిగాడు. "చెల్లె, నీ పేరేంది?"

ఆమె నోరు తెరిచింది. చాలాసేపు తెరిచే ఉంచింది. తర్వాత ఎవరో పిలిచినట్టు రోడ్డు వైపు చూసి, మళ్ళీ చేట ముందుకు లాక్కుంది.

బస్సులో తిరిగి వస్తున్నప్పుడు తాత కిటికీలోంచి చూస్తూ, "గురువారం నన్ను నీ దుకాణానికి తీస్కపో" అన్నాడు.

గురువారం ఆయన ఉతికిన ధోతి కట్టుకుని, తలకు రుమాలు చుట్టుకుని వచ్చాడు. ఎర్ర కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఎజాజ్ భాయ్ ఆలూ బర్గర్ తెచ్చి ముందు పెట్టి, సంగతి తెలిసినవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భాయ్ మూడు వారాల్లో బాగా చిక్కిపోయాడు. తాత బర్గర్‌ను విప్పి, పైరొట్టె ఒక పక్కన, కిందిరొట్టె ఒక పక్కన పెట్టి, లోపలిది తుంచుకుని తిన్నాడు. "మంచిగున్నది. జర ఉప్పు తక్కువ" అన్నాడు. ఎజాజ్ భాయ్ ఆ స్థితిలో కూడా నవ్వాడు.

మూడుంబావుకు విమానం లేచింది. రేకులు జలజలమన్నాయి. శబ్దం పోయింది.

"ఓ మల్లేశ్వరా! ఇంట్ల ఉన్నవా? బయటికి రా!"

తాత కళ్ళు మూసుకుని విన్నాడు. కళ్ళు తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి. "మా సుంకరి" అన్నాడు. సుంకరి అంటే ఊళ్ళో ఇంటింటికీ తిరిగి కబురు చెప్పే మనిషి. "గొంతు గుర్తుపట్టిన. ఆయన పోయి ఎనిమిదేండ్లాయె."

అక్కడి నుంచి ఆటోల అడ్డాకు వెళ్ళారు. మల్లేశ్వర్ శంషాబాద్‌లోనే ఆటో నడుపుతాడు. ఆటోకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. తాత పిలిచాడు. తోటి డ్రైవర్లూ పిలిచారు. అతను కదల్లేదు. ఒకతను వెళ్ళి భుజం తట్టితే ఉలిక్కిపడి, "ఏందిరా, నోటితోని పిలవరాదు?" అని కోప్పడ్డాడు.

తాత రోడ్డు పక్కన రాయి మీద కూర్చుండిపోయాడు. పూర్ణిమ పక్కన కూర్చుంది. అప్పుడు చెప్పాడు.

తొమ్మిదేళ్ళ కింద, ఒక గురువారం, భూముల కాగితాలు పట్టుకుని ఒక గుమాస్తా గుండ్లవాడకు వచ్చాడు. ముందు సుంకరి నడిచాడు. ప్రతి గడప ముందూ కర్ర తాటించి పేరుపెట్టి పిలిచాడు. ఎవరు పలికితే వాళ్ళ పేరు గుమాస్తా రాసుకున్నాడు. అలా వాడ చివరిదాకా వెళ్ళాడు.

"పలికిన ఇల్లు పోయింది. ఇప్పుడు ఇండ్లు లేవు కద బిడ్డా. పేరే మిగిలింది. అది తీస్కపోతున్నడు. పాపం, ఆయన తప్పేం లేదు. ఎవలో చెప్పిన పని ఇంక చేస్తనే ఉన్నడు."

"మల్లేశ్వర్ ఇంటి తర్వాత ఎవరిది తాతా?"

"మనది."

"అయితే నీ పేరు..."

తాత తల అడ్డంగా ఊపాడు. "ఆ రోజు నేను చేనుకాడ ఉన్న. ఎండకాలం సెలవులకు నువ్వొచ్చి ఉంటివి. గడపల కూసుండి గచ్చకాయలు ఆడుతున్నవు. ఇంట్ల ఎవరున్నరని సుంకరి అడిగిండు. నువ్వు నీ పేరు చెప్పినవు. పూర్ణిమా అని ఆయన పిలిచిండు. ఆ అని నువ్వు పలికినవు. తర్వాత సుంకరే నాకు చెప్పిండు."

పూర్ణిమకు అప్పటిదాకా గుర్తులేదు. ఇప్పుడు మోకాళ్ళ కింద గడప రాయి వేడి, చేతిలో గచ్చకాయల నునుపు, ఎదురుగా ఆగిన రెండు జతల కాళ్ళు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ రెండు జతల్లో ఒకదానికి చెప్పుల్లేవు.

విషయం తెలిసి కౌసల్యమ్మ గొల్లుమంది. బిడ్డను కాలేజీకి పంపనంది. అమ్మమ్మగారి ఊరు లేదు, మేనత్త ఊరికి తోలేస్తానంది. "లింగమ్మ బాలాపూర్ల లేదా? దూరం పోతే ఆగుతదా?" అన్నాడు తాత. ఎజాజ్ భాయ్ అయితే దుకాణమే ఎత్తేస్తానని తహ్రీమ్‌తో కబురు పంపాడు. తాత స్వయంగా శంషాబాద్ వెళ్ళి ఆయన ఇంటి ముందు కూర్చున్నాడు.

"ఎత్తెయ్యకు నాయినా. నువ్వు పిలవకపోతే ఇంకో గొంతు ఎతుక్కుంటడు. అది ఎక్కడ మోగుతదో మనకు ఎరుక కాదు. ఇక్కడైతే నాకు ఎరుకే."

"నా నోటితోని ఆ పిల్ల పేరు తీస్కపోతడా, పెద్దాయనా?" ఎజాజ్ భాయ్ ఏడ్చాడు. "ఆ పేరు నేను రెండేండ్ల నుంచి పిలుస్తున్న."

"తీస్కపోనియ్య. నువ్వు తలుపు తెరువు."

రహీమా తలుపు చాటు నుంచి అంతా విని, చివరికి భర్తతో, "ఖోలో జీ. పెద్ద మనిషి చెబుతున్నడు" అంది.

అయిదో గురువారం దుకాణంలో నలుగురే ఉన్నారు. పొయ్యి దగ్గర ఎజాజ్ భాయ్, బల్ల దగ్గర తాత, పూర్ణిమ, తహ్రీమ్. సంగతి ఎలా పాకిందో, పిల్లలు ఒక్కరూ రోడ్డు దాటలేదు. గేటు దగ్గరే గుంపుగా నిలబడి చూస్తున్నారు. వాన లేదు. ఎండ తెల్లగా కొడుతోంది. పెనం మీద ఏమీ లేదు. చీటీ రాయలేదు.

"ఏం విన్నా నువ్వు పలుకొద్దు" అన్నాడు తాత. "ఒట్టు."

"పలుక తాతా."

విమానం లేచింది. ఎప్పటికంటే ఎక్కువసేపు మోగినట్టనిపించింది. బల్ల మీది నీళ్ళ గ్లాసులో వలయాలు పుట్టి చెదిరాయి. తర్వాత నిశ్శబ్దం. ఎజాజ్ భాయ్ రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నాడు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. చేతులు వాటంతట అవే కిందికి జారాయి.

"ఓ పూర్ణిమా..."

భయపెట్టే గొంతు కాదది. అదే అసలు భయం. ఎంతో మెత్తగా, గడపలో ఆడుకుంటున్న పిల్లను బెదరగొట్టకుండా పిలిచినట్టు ఉంది. పూర్ణిమ ఒట్టు మర్చిపోలేదు. కానీ లోపలి నుంచి పదకొండేళ్ళ పిల్ల ఎవరో లేచినట్టు, 'ఆ' అన్న మాట గొంతు దాకా వచ్చేసింది. పెదవులు విడిపోయాయి. తహ్రీమ్ అరచేతితో ఆమె నోరు మూసి తల తన భుజానికి అదుముకుంది.

"ఇంట్ల ఉన్నవా? బయటికి రా!"

తాత లేచాడు. రుమాలు తీసి భుజం మీద వేసుకున్నాడు. పెద్దమనుషుల ముందుకు వెళ్ళేటప్పుడు ఆయన అలాగే చేస్తాడు.

"ఆ. వస్తున్న" అన్నాడు.

నాలుగడుగులు వేసి గల్లా ముందు నిలబడ్డాడు. ఎజాజ్ భాయ్ చెయ్యి ముందుకు చాచి ఉంది. వేళ్ళు ఏదో పట్టుకున్నట్టు వంగి ఉన్నాయి. వాటి మధ్య ఏమీ లేదు. తాత ఆ లేనిదాన్ని అందుకుని, బొటనవేలు నొక్కి వేలిముద్ర వేసినట్టు చేశాడు. ఎజాజ్ భాయ్ కాళ్ళు మడతపడి పొయ్యి పక్కనే కూలబడ్డాడు. తహ్రీమ్ నీళ్ళు చల్లింది. ఆయన కళ్ళు తెరిచి మొదట అడిగింది, "బేటీ, నీ పేరు చెప్పు" అని.

"పూర్ణిమ" అంది ఆమె. తన పేరు తన నోట్లో ఉంది. రెండుసార్లు, మూడుసార్లు చెప్పుకుంది. ఏడుపొచ్చింది.

తాత మామూలుగానే ఉన్నాడు. దారిలో చెరుకురసం తాగాడు. ఇంటికొచ్చి కౌసల్యమ్మతో, "అయిపోయింది బిడ్డా, భయపడకు" అన్నాడు. ఆ రాత్రి బాగా నిద్రపోయాడు కూడా. అందరూ గండం గడిచిందనుకున్నారు.

వారం తర్వాత పోస్టుమాన్ పింఛను కాగితం తెచ్చి వాకిట్లో నిలబడి, "మొగులయ్యా!" అని కేకేశాడు. తాత అరుగు మీదే ఉన్నాడు. పలకలేదు. పోస్టుమాన్ ఇంకోసారి కేకేస్తే చుట్టూ చూసి, "ఎవరి కోసం నాయినా? ఆ పేరుగలోళ్ళు ఇక్కడ లేరు" అన్నాడు.

వంటింట్లోంచి కౌసల్యమ్మ కంగారుగా, "పూర్ణిమా, జర బయటికి రా!" అని పిలిచింది.

లోపలి నుంచి పూర్ణిమ, అరుగు మీది నుంచి తాత, ఇద్దరూ ఒకేసారి అన్నారు. "ఆ, వస్తున్న."

ఆ రోజు నుంచి అంతే. బాపూ అన్నా, తాతా అన్నా పలుకుతాడు. సొంత పేరుకు మాత్రం తల తిప్పడు. పూర్ణిమా అని ఎవరు పిలిచినా, పక్కింటి వాళ్ళు పిలిచినా, టీవీలో ఎవరి పేరైనా అలా వినిపించినా, ఆయన నోటి నుంచి 'ఆ' వచ్చేస్తుంది. అన్న తర్వాత తనే తెల్లబోయి నవ్వుతాడు. ఇంట్లో ఆమెను పేరుపెట్టి పిలవడం మానేశారు. చిన్నీ అంటారు. మొదట్లో పూర్ణిమకు అలవాటు కాలేదు. తర్వాత అదే అలవాటైంది.

జెద్దా బర్గర్‌లో గురువారాలు మామూలయ్యాయి. విమానాలు వెళ్ళాయి, రేకులు మోగాయి, ఏ పేరూ రాలేదు. కానీ ఎజాజ్ భాయ్ మళ్ళీ ఎవరినీ పిలవలేదు. నంబర్లూ పెట్టలేదు. పేరు అడగకుండా, ముఖం గుర్తుపెట్టుకుని, ప్లేటు తనే బల్ల దాకా తెచ్చి పెట్టేవాడు. బర్గర్ రుచి మారలేదు. ఆ తర్వాత చేరిన పిల్లలకు ఆ దుకాణం అంత నిశ్శబ్దంగా ఎందుకుంటుందో తెలియదు. 2013లో పూర్ణిమ వాళ్ళ చదువు అయిపోయిన కొన్నాళ్ళకే రోడ్డు వెడల్పు చేస్తూ దాన్ని తీసేశారు.

పూర్ణిమకు ఎయిర్‌పోర్టు సరుకుల విభాగంలో ఉద్యోగం వచ్చింది. 2014 వేసవిలో ఎన్నికలప్పుడు తాతను ఓటు వేయించడానికి బడికి తీసుకెళ్ళింది. బల్ల దగ్గర కూర్చున్న మాస్టారు జాబితాలో చూసి, "మొగులయ్య ఎవరు?" అన్నాడు. తాత వెనక్కి తిరిగి, వరుసలో ఆ మనిషి ఎక్కడున్నాడా అని వెతికాడు. "ఈయనే సార్" అని ఆయన చెయ్యి పట్టుకుని ముందుకు నడిపింది. ఫోటో చూసి, ముఖం చూసి, మాస్టారు వేలికి సిరా పెట్టాడు. బయటికొచ్చాక తాత ఆ మరకను చాలాసేపు చూసుకుని, "పాపం, అతను రాలేదేమో. అతని ఓటు నేనేసిన" అన్నాడు.

జూన్‌లో ఒక ఆదివారం పొద్దున పూర్ణిమ, తహ్రీమ్ శంషాబాద్‌లో కలుసుకున్నారు. ఎజాజ్ భాయ్, రహీమా కలిసి పాత మసీదు సందులో నాష్తా దుకాణం పెట్టారని విని వెళ్ళారు. ఖిచిడీ, ఖీమా, పుల్లటి పలచని ఖట్టా. ఎజాజ్ భాయ్ గడ్డం తెల్లబడింది. వాళ్ళను చూడగానే చేతులు తుడుచుకుని ఎదురొచ్చాడు. రహీమా రెండు ప్లేట్లు నిండుగా పెట్టింది. తాత ఎలా ఉన్నాడని అడిగాడు. పూర్ణిమ ఓటు సంగతి చెబితే తల వంచుకుని విన్నాడు.

జనం తగ్గాక వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఒక మాట చెప్పలేదు బేటీ, ఇన్నేండ్లు. ఆ ఆఖరి రోజు, చేతులు కిందికి జారినప్పుడు, నాకు దుకాణం కనపడలేదు. వాడకట్టు కనపడ్డది. అలుకు చల్లిన వాకిండ్లు. మీ గడపల నువ్వున్నవు, చిన్నపిల్లవు. నేను నడుస్తున్న, కాళ్ళకు చెప్పుల్లేవు, మట్టి సల్లగ తగుల్తున్నది."

తహ్రీమ్ చెంచా కింద పెట్టింది.

"మీ తాత పలికినంక నేను తలెత్తి ముంగటికి చూసిన. మీ ఇంటితోని వాడ అయిపోలేదు. ఇంక ఎనిమిది ఇండ్లున్నయి. ఒక్కొక్క గడపల ఒక్కొక్కరు నిలబడ్డరు. పిలుస్తనని చూస్తున్నరు. నేను పడిపోయిన. అప్పటిసంది ఎవ్వరినీ పిలవలే. మా ఆడమనిషిని కూడ పేరుపెట్టి పిలవ. నోరు తెరిస్తే ఏ పేరొస్తదో నాకు తెలువదు కద."

రహీమా లోపల గిన్నెలు కడుగుతోంది.

"వాళ్ళు ఎవరో నీకు ఎరుకేనా?" అని ఆయన నెమ్మదిగా అడిగాడు.

పూర్ణిమకు తెలియదు. ఇంటికి వెళ్ళి అమ్మను అడిగితే తెలుస్తుంది. చెంబులో వేలు ముంచి తాతే గీసి చూపిస్తాడు, ఒక్కో చుక్కా పెట్టి. ఆమె అడగదలచుకోలేదు. ఖట్టా గిన్నె దగ్గరికి లాక్కుని, చల్లారిన ఖిచిడీ మీద పోసుకుని, తలెత్తకుండా మొత్తం తినేసింది.